‘నడుస్తోంది కదా’ అనే వాదం నిలవదు

విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం డబ్బు తగ్గించినంత మాత్రాన ఏమీ కాలేదు, అన్నీ నడుస్తూనే ఉన్నాయి కదా అన్న మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. పరీక్షలు జరుగుతున్నాయి, పట్టాలు ఇస్తున్నారు, కొత్త పంట రకాలు విడుదలవుతున్నాయి, ర్యాంకులు వస్తున్నాయి. ఇంకేం కావాలి? ఈ మాట అధికారులు అంటారు, పత్రికల్లో రాసేవాళ్ళు అంటారు, ఒకప్పుడు అవే విశ్వవిద్యాలయాల్లో ఉచితంగా చదువుకుని పైకొచ్చినవాళ్ళూ అంటారు. దాని వెనకే మరో రెండు మాటలు వస్తాయి. మొదటిది, ఎవరి ఖర్చు వాళ్ళే సంపాదించుకోవాలి అని. రెండోది, చేతకాకపోతే ప్రైవేటువాళ్ళు ఉన్నారు కదా అని. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నిజం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అమరావతిలోనో విశాఖలోనో కూర్చుని చూస్తే ఇది కొంత మసకగా కనబడవచ్చు. తాడేపల్లిగూడెం నుంచి కొల్లేరు దాకా ఉన్న మన నేల మీద నిలబడి చూస్తే స్పష్టంగా కనబడుతుంది.

తాడేపల్లిగూడెం దాటి మెట్ట వైపు వెళితే వెంకట్రామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. 2007 జూన్‌లో పుట్టింది. దేశంలో పండ్లకూ కూరగాయలకూ తోటలకూ ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం పెట్టాలన్న ఆలోచన 1985లో హిమాచల్‌లోని సోలన్‌లో మొదలైతే, రెండు దశాబ్దాలకు మన మెట్టలోకి వచ్చింది. అటు పల్లం వైపు దిగితే పెనుమంట్ర మండలంలో మారుటేరు వరి పరిశోధన స్థానం ఉంది. అది రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేస్తుంది. 1925లో మొదలైంది, వందేళ్ళు నిండాయి. తాడేపల్లిగూడెంలోనే నన్నయ విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. ఇవి మూడూ రాష్ట్ర ఖజానా మీద ఆధారపడ్డవి. వీటిలో మారుటేరు కథ ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ‘నడుస్తోంది కదా’ అనేవాళ్ళకు సమాధానం అక్కడే ఉంది.

ఎంటీయూ 7029 అంటే కొందరికి తెలియకపోవచ్చు. స్వర్ణ అంటే తెలియని రైతు ఉండడు. వశిష్ట, మసూరి రకాలను సంకరం చేసి మారుటేరు శాస్త్రవేత్తలు తయారుచేసిన ఆ రకం 1982లో విడుదలైంది. గోదావరి డెల్టాలో సార్వాకి అది తప్ప మరొకటి వెయ్యని రోజులు చాలా కాలం నడిచాయి. తర్వాత బెంగాల్‌కి, ఒడిశాకి పాకింది. ఒక జిల్లాలో ఒక మండలంలో జీతానికి పనిచేసిన కొద్దిమంది మనుషులు దేశంలో కొన్ని కోట్ల మందికి తిండి పెట్టారు.

ఆ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే డబ్బు లెక్క కూడా అర్థమవుతుంది. వరి పువ్వులో ఆడా మగా రెండూ ఒకేచోట ఉంటాయి, తనంతట తానే గింజ కడుతుంది. సంకరం చెయ్యాలంటే పువ్వు విచ్చుకోకముందే, ఇంకా పచ్చిగా ఉన్న ఊకను చిన్న కత్తెరతో పైభాగం కోసి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులను ఒక్కటీ మిగలకుండా తీసెయ్యాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ పనికిరాదు. తర్వాత ఆ వెన్నుకు కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దెక్కాక తండ్రి రకం పూసే వేళ చూసి, దాని పుప్పొడిని ఈ వెన్ను మీద దులపాలి. ఇలా గంటల తరబడి బురదలో వంగి చేసిన పనికి చేతికొచ్చేవి కొన్ని గింజలు. వాటిని నాటాలి, మొలిచిన వాటిలోంచి ఏరాలి, మళ్ళీ నాటాలి, మళ్ళీ ఏరాలి. ఆరేడు తరాలకు గానీ గుణం స్థిరపడదు. ఆపైన దిగుబడి పరీక్షలు, దోమపోటు పరీక్షలు, రైతు పొలాల్లో మినీకిట్లు. అన్నీ సవ్యంగా జరిగితే సంకరానికీ విడుదలకీ మధ్య పదేళ్ళు దాటిపోతాయి. మధ్యలో ఆ పని చేసిన శాస్త్రవేత్త కుర్చీ ఖాళీ అయితే ఆ ఏరిన వరుసల మధ్య ఏది ఎందుకు ఉంచారో చెప్పేవాడు ఉండడు. పుస్తకంలో రాసిన అంకెలు మాత్రం ఉంటాయి.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, ఈ ఏడాది విడుదలయిన రకం ఈ ఏడాది బడ్జెట్ ఫలితం కాదు. పదిహేనేళ్ళ కింద ఎవరో మంజూరు చేసిన పోస్టు, ఎవరో కొనిచ్చిన పొలం, ఎవరో కట్టిన గాజు ఇల్లు ఇప్పుడు పంట ఇస్తున్నాయి. దాళ్వాకి మన రైతులు విరివిగా వేసిన 1010 రకం, కాటన్‌దొర సన్నాలు, 2000లో వచ్చింది. దాని తల్లి కృష్ణవేణి కూడా మారుటేరు రకమే. అంటే ఒక తరం శాస్త్రవేత్తలు చేసి పెట్టిన దాని మీద ఇంకో తరం పనిచేసింది. ఈ గొలుసులో ఒక లంకె తెగితే వెంటనే ఎవరికీ తెలియదు. పదేళ్ళ తర్వాత తెలుస్తుంది, అప్పుడు ఆ తప్పు ఏ మంత్రి కాలంలో జరిగిందో ఎవరికీ గుర్తుండదు. నిధులు తగ్గించి ‘ఏమీ కాలేదు చూడండి’ అనడం, విత్తనాలకు దాచిన గింజలు వండుకు తిని, ఈ ఏడు కూడా కడుపు నిండింది కదా అనడంలాంటిది. రైతు కుటుంబంలో పుట్టినవాళ్ళెవరూ అలాంటి మాట అనరు.

సొంతంగా సంపాదించుకోవాలన్న వాదానికి వస్తాను. స్వర్ణ మీద విశ్వవిద్యాలయానికి వచ్చిందెంత? రైతు ఒకసారి విత్తనం తెచ్చుకుని, మంచి చేలో కోసి, తర్వాతి ఏడాదికి తనే దాచుకున్నాడు. పక్కవాడికి ఇచ్చాడు, బంధువుకి పంపాడు. బ్రీడరు విత్తనం అమ్మితే వచ్చే కొద్ది సొమ్ము తప్ప, ఆ లాభమంతా కోట్ల ఎకరాల్లో పంచుకుపోయింది. విశ్వవిద్యాలయం పద్దు పుస్తకంలో ఆదాయం గడిలో అది కనబడదు. ఏటా కొత్తగా కొనుక్కోవాల్సిన హైబ్రిడ్ విత్తనంలోనే కంపెనీకి లాభం ఉంటుంది గానీ, రైతు దాచుకునే సూటి రకంలో ఉండదు. అందుకే స్వర్ణ లాంటి రకాన్ని కంపెనీలు తయారుచెయ్యవు. ఏ పని సమాజానికి ఎక్కువ మేలు చేస్తుందో ఆ పనికే బజారులో ధర రాదు. అటువంటి పని కోసమే ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. దాన్ని ఆదాయం బట్టి తూచితే, దాని అసలు పనే నష్టం కింద కనబడుతుంది.

తెల్లదోమ సంగతి ఇంకా దగ్గరిది. కొబ్బరి ఆకుల కింద మెలికలు మెలికలుగా తెల్లటి మైనపు గుడ్లు పెట్టే సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులో బయటపడి కొద్దికాలంలోనే గోదావరి జిల్లాలకు వచ్చింది. కొబ్బరి, పామాయిల్, అరటి, జామ, ఏదీ వదల్లేదు. ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద మసి తెగులు. రైతులు బెంబేలెత్తి దుకాణాలకు పరిగెత్తారు. ఉద్యాన విశ్వవిద్యాలయం కిందున్న అంబాజీపేట పరిశోధన స్థానం చెప్పిన సలహా ఏమిటి? పురుగుమందు కొట్టవద్దు అని. కొడితే ఆ దోమను తినే మిత్రపురుగులు ముందు చస్తాయి, దోమ మిగులుతుంది. నీటిని ఒత్తిడితో ఆకుల అడుగున కొట్టండి, మసి రాలడానికి గంజి పిచికారీ చెయ్యండి, దోమకు జబ్బు తెచ్చే ఇసారియా శిలీంధ్రం వాడండి, డైకోక్రైసా అనే మిత్రపురుగును వదలండి అన్నారు. ఆ శిలీంధ్రాన్ని, ఆ మిత్రపురుగు గుడ్లను ప్రయోగశాలలో పెంచి రైతులకు అందించారు. ఇప్పుడు అడుగుతున్నాను. ‘మందు కొనవద్దు’ అనే సలహాకు ఏ కంపెనీ జీతం ఇస్తుంది? ఆ సలహాను విశ్వవిద్యాలయం ఎంతకు అమ్ముకోవాలి? రైతు జేబులో మిగిలిన డబ్బు, కొబ్బరి తోటల కింద కాలవలో కలవకుండా పోయిన విషం, ఈ రెంటికీ రశీదు ఎక్కడ దొరుకుతుంది?

సొంత సంపాదన వాదులు ఒక పాత నివేదికను కూడా సాక్ష్యానికి తెస్తుంటారు. మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ పున్నయ్య అధ్యక్షతన యూజీసీ వేసిన కమిటీ 1993లో ఒక నివేదిక ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు మొదట తమ నిర్వహణ ఖర్చులో 15 శాతం, పదేళ్ళకు 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలని అందులో ఉంది. ఆ అంకె అందరికీ గుర్తుంది. ప్రధాన బాధ్యత ప్రభుత్వానిదేనని అదే నివేదిక చెప్పిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. 25 శాతం తెచ్చుకోమంటే మిగతా 75 శాతం ప్రభుత్వం ఇస్తుందనే కదా అర్థం. నాలుగో వంతు సంపాదించుకోవాలన్న మాటను, మొత్తం వదిలేయడానికి అనుమతిపత్రంగా వాడుకోవడం న్యాయం కాదు. అంతకు చాలా ముందే, 1966లో కొఠారి కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం చదువు మీద పెట్టాలంది. 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ అదే 6 శాతం రాసుకుంది. యాభై నాలుగేళ్ళ తర్వాత కూడా అదే అంకెను లక్ష్యంగా రాసుకోవలసి వచ్చిందంటే లోపం విశ్వవిద్యాలయాల సంపాదనలో లేదు.

రాష్ట్రం దగ్గర డబ్బు లేదంటారు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ఖజానా ఇబ్బందుల్లో ఉన్నమాట నిజమే, కాదనను. కానీ ఇక్కడ లెక్క తెలిసి మాట్లాడాలి. మారుటేరు లాంటి స్థానాలు అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాల్లో భాగం. వరి పథకం 1965లో హైదరాబాదు కేంద్రంగా మొదలైంది. ఈ పథకాల్లో రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఖర్చులో 75 శాతం కేంద్రం కింద ఉన్న భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇస్తే, 25 శాతం రాష్ట్రం పెట్టాలి. అంటే పావలా మనం పెడితే ముప్పావలా ఢిల్లీ నుంచి వస్తుంది. ఆ పావలా ఆపితే మిగిలేది పావలా, పోయేది రూపాయి. ఉన్నత విద్యకు కేంద్రం తెచ్చిన రూసా పథకం 2013లో వచ్చినప్పుడూ షరతు ఇలాంటిదే. రాష్ట్రం తన వాటా పెట్టాలి, అధ్యాపకుల ఖాళీలు నింపాలి. డబ్బు లేదు కాబట్టి కోత పెట్టాం అనేవాళ్ళు, ఆ కోత వల్ల రాకుండా పోయిన డబ్బు ఎంతో కూడా ప్రజలకు చెప్పాలి.

డబ్బు అసలే లేదన్నదీ పూర్తి నిజం కాదు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో రాష్ట్ర ఖజానా నుంచి పెద్ద మొత్తాలు ప్రైవేటు కళాశాలలకు వెళ్ళాయి. ఆ పథకం వల్ల పేదింటి పిల్లలు ఇంజనీర్లయ్యారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ చదువు మీద పెట్టే రూపాయి ప్రైవేటు కళాశాల గడపలోంచి పోతే సంక్షేమం, ప్రభుత్వ విశ్వవిద్యాలయం గడపలోంచి పోతే భారం అనే చూపు తప్పు. మొదటిది ఫీజు కట్టి ఆగిపోతుంది. రెండోది పొలం కొంటుంది, ప్రయోగశాల కడుతుంది, ముప్పై ఏళ్ళు ఒకే పని మీద కూర్చునే మనిషిని నిలుపుతుంది.

ఆ మనుషులే ఇప్పుడు లేరు. 2023 అక్టోబరులో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు ప్రకటనలు ఇచ్చారు. 418 ప్రొఫెసర్లు, 801 అసోసియేట్లు, 2,001 అసిస్టెంట్లు. ఆ నియామకాలు కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. అంతకుముందు 2017-18లో ఇచ్చిన ప్రకటనలదీ అదే గతి. ఒక రాష్ట్రం ఒకేసారి ఇన్ని వేల పోస్టులకు ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే, ఎన్నేళ్ళపాటు రిటైరైనవాళ్ళ స్థానాల్లో ఎవరినీ తీసుకోలేదో ఊహించుకోవచ్చు. ‘నడుస్తోంది’ అన్నది ఎవరి మీద నడుస్తోంది? గెస్ట్ ఫ్యాకల్టీ మీద, కాంట్రాక్టు లెక్చరర్ల మీద. గంట పాఠానికి ఇంత అని తీసుకునేవాడు, సెలవుల్లో జీతం రానివాడు, వచ్చే జూన్‌లో మళ్ళీ పిలుస్తారో లేదో తెలియనివాడు ఆ పాఠం చెబుతున్నాడు. అతను ప్రతిభలో ఎవరికీ తీసిపోడు, చాలామంది డాక్టరేట్లు ఉన్నవాళ్ళే. కానీ పదేళ్ళు పట్టే పరిశోధన అతను ఎలా మొదలుపెడతాడు? తన కింద పరిశోధక విద్యార్థిని తీసుకునే హక్కే చాలా చోట్ల అతనికి ఉండదు. పాఠాలు నడుస్తున్నాయి నిజమే, పరిశోధన వేళ్ళు ఎండిపోతున్నాయి. అవమానాలు దిగమింగి ఇన్నాళ్ళూ సంస్థను మోసిన ఆ మనుషుల ఓర్పునే చూపించి, ఇంకా కోత పెట్టినా ఫరవాలేదు అనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక ప్రైవేటువాళ్ళు చూసుకుంటారన్న మాట. 2016లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది, పెద్ద ప్రాంగణాలు లేచాయి, కంప్యూటర్ సైన్సు బాగా చెబుతున్నారు. మంచిదే. కానీ గోదావరి డెల్టాకు వరి రకం, కొబ్బరికి మిత్రపురుగు, కొవ్వూరు అరటికీ కందకీ కొత్త రకం ప్రభుత్వ స్థానాలే ఇచ్చాయి. ఫీజు మీద నడిచే సంస్థ ఫీజు ఎక్కడొస్తే అక్కడికే పోతుంది, దానిలో తప్పేమీ లేదు, అది దాని స్వభావం. అమెరికాను చూపించేవాళ్ళకూ ఒక మాట. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో పుట్టినప్పుడు నమూనాగా తీసుకున్నది అక్కడి ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలనే, కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం ఇక్కడికి మనుషులనూ పంపింది. 1862లో చట్టం చేసి ప్రభుత్వ భూములు ఇచ్చి నిలబెట్టిన సంస్థలవి. 2008 మాంద్యం తర్వాత అక్కడి రాష్ట్రాలు నిధులు కోశాయి, సంస్థలు ఫీజులు పెంచాయి, ఇప్పుడు ఆ దేశంలో విద్యార్థుల అప్పు 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది 1862 నాటి ఆలోచన గానీ, 2008 నాటి పొరపాటు కాదు.

కొల్లేరు సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. దేశంలో చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రానిది మొదటి స్థానం. అందులో కైకలూరు, ఆకివీడు, ఏలూరు చెరువుల వాటా ఎంత పెద్దదో అందరికీ తెలుసు. అయినా రాష్ట్రంలో చేపల కళాశాల 1991లో వచ్చింది నెల్లూరు దగ్గర ముత్తుకూరులో. మత్స్య విశ్వవిద్యాలయానికి చట్టం 2020లో చేశారు, నరసాపురం దగ్గర శంకుస్థాపన 2022 నవంబరులో జరిగింది. అప్పటికి ఇక్కడ చేపల చెరువులు లేచి నలభై ఏళ్ళు దాటాయి. ఈ నలభై ఏళ్ళూ చేప పేను పట్టినా, ఎర్రమచ్చలు వచ్చినా, తెల్లవారుజామున ఆక్సిజన్ అందక చేపలు పైకి తేలినా రైతు ఎక్కువగా పరిగెత్తింది మందుల దుకాణానికే. జబ్బు పేరు చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒక్కడే అయినప్పుడు ఏం జరుగుతుందో చెరువు అడుగు మట్టిని అడగాలి.

కొల్లేరు సరస్సు విషయంలోనూ అంతే. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రాంసర్ జాబితాలో చేర్చారు, 2006లో చెరువుల గట్లు పగలగొట్టారు. తర్వాత హద్దును అయిదో కాంటూరు నుంచి మూడుకు తగ్గించాలన్న వివాదం మీద కేంద్రం వేసిన కమిటీకి నాయకత్వం వహించిన అజీజ్ కోయంబత్తూరులోని సలీం అలీ కేంద్రం నుంచి వచ్చారు. వాళ్ళు తమ పని తాము చేశారు. కానీ కమిటీ వచ్చి నివేదిక ఇచ్చి వెళ్ళిపోతుంది. బుడమేరు, తమ్మిలేరు ఏటా తెచ్చే పూడిక ఎంత, ఉప్పుటేరు గుండా ఎక్కే ఉప్పునీళ్ళు ఎంత దూరం వస్తున్నాయి, చెరువుల నీళ్ళలో ఏమేం కలుస్తున్నాయి అని ప్రతి నెలా కొలిచి, ముప్పై ఏళ్ళు వరసగా రాసి పెట్టుకునేది ఊళ్ళోనే ఉండే విశ్వవిద్యాలయం. ఆ రాతలు లేకపోతే ప్రతి వివాదంలోనూ గొంతు పెద్దగా ఉన్నవాడి మాటే శాస్త్రమవుతుంది.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపడి పడిపోయినప్పుడు మనం దీన్ని కళ్ళారా చూశాం. ఆరువందల మంది దాకా ఆస్పత్రి పాలయ్యారు. నీళ్ళు, పాలు, కూరగాయలు, రక్తం నమూనాలు హైదరాబాదులోని పోషకాహార సంస్థకు, ఢిల్లీలోని ఎయిమ్స్‌కు వెళ్ళాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చన్నారు. అంతకు ముందు నెలలో, ముందు ఏడాదిలో ఏలూరు నీళ్ళలో అవి ఎంత ఉన్నాయో వరసగా కొలిచిన లెక్కలు మన చేతిలో ఉండి ఉంటే, ఆ రోజు భయంతో కాక తెలివితో మాట్లాడేవాళ్ళం. అలాంటి లెక్క ఏ కంపెనీకీ లాభం తీసుకురాదు. ఏ విద్యార్థి ఫీజు నుంచీ దాని ఖర్చు రాదు. రాష్ట్రమే పెట్టాలి.

విశ్వవిద్యాలయాల్లో తప్పులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. ఉపకులపతుల నియామకాల్లో రాజకీయం ఉంది, నాసిరకం సిద్ధాంత వ్యాసాలు ఉన్నాయి, పని ఎగ్గొట్టేవాళ్ళు ఉన్నారు. వాటిని సరిచెయ్యండి, ఆడిట్ చెయ్యండి, బాధ్యులను తొలగించండి. కానీ ఆకలితో మాడ్చడం వల్ల ఏ రోగమూ కుదరదు. డబ్బు తగ్గినప్పుడు ముందుగా బయటికి పోయేది దేశంలో ఎక్కడైనా ఉద్యోగం దొరికే సమర్థుడే. కదలలేనివాళ్ళూ, కదిలే అవసరం లేనివాళ్ళూ మిగిలిపోతారు.

మళ్ళీ స్వర్ణ దగ్గరికే వస్తాను. అది మునకకు తట్టుకోదు, అది దాని లోపం. ఒడిశా పాత దేశవాళీ రకంలోని మునకను తట్టుకునే జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అందులోకి చేర్చగా, స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాలు నీళ్ళ కింద ఉన్నా చేను బతుకుతుంది. మన తూములు ఎగదన్నే కొల్లేరు పక్క పొలాలకు ఆ సంగతి విలువేమిటో వేరే చెప్పక్కరలేదు. కానీ తల్లి రకం మారుటేరుది. ఆ 1982 నాటి పని లేకుండా ఈ 2009 లేదు. 2040లో మన పిల్లలకు కావలసిన రకానికి సంకరం ఈ సార్వాలోనే మొదలవ్వాలి, కత్తెర పట్టుకుని మడిలో వంగే మనిషి ఉండాలి.

ఉమ్మడి పశ్చిమగోదావరి రైతు సంఘాలను, చేపల రైతులను, కళాశాలల్లో చదివే పిల్లల తల్లిదండ్రులను నేను కోరేది ఒక్కటే. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు మీ శాసనసభ్యుణ్ణి పిలిచి అడగండి. మారుటేరులో, అంబాజీపేటలో, వెంకట్రామన్నగూడెంలో మంజూరైన శాస్త్రవేత్తల పోస్టులు ఎన్ని, అందులో మనుషులున్నవి ఎన్ని, సమన్వయ పథకాలకు రాష్ట్రం పెట్టాల్సిన పాతిక శాతం ఈ ఏడాది సమయానికి పెట్టారా లేదా. ఆయన సమాధానం కాగితం మీద రాయించుకుని తీసుకోండి. మరుసటి ఏడాది అదే కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళండి.